స్పర్శ లేని కాళ్లలో మంట ఎందుకు?
వెన్నుపాము దెబ్బతిన్న వారి నరాల నొప్పి గురించి

"నడుము కింద గిచ్చినా తెలియదు, సూది గుచ్చినా తెలియదు. కానీ రాత్రయితే చాలు, అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండిపోతాయి." వెన్నుపాము దెబ్బతిని మంచానికో, వీల్‌ఛైర్‌కో పరిమితమైన వారి నోట మేము తరచుగా వినే మాట ఇది. ఈ మాట చెప్పడానికి చాలామంది సంకోచిస్తారు. చెబితే ఎవరూ నమ్మరని వారి భయం. ఆ భయానికి కారణం లేకపోలేదు. స్పర్శే లేని కాలు నొప్పి పెట్టడమేమిటని ఇంట్లోవాళ్లు అంటారు. పనులు తప్పించుకోవడానికనో, జాలి కోసమనో అనుకునే వారూ ఉన్నారు.

అందుకే ముందుగా ఒక విషయం స్పష్టంగా చెబుతున్నాము. ఈ నొప్పి నిజం. మనసు కల్పించినది కాదు. వెన్నుపాము దెబ్బతిన్న వారిలో సుమారు సగం మందికి ఏదో ఒక రూపంలో ఇది ఉంటుంది. ఎక్కువమందికి దెబ్బ తగిలిన కొన్ని వారాలకో, నెలలకో మొదలవుతుంది. గాయం మానిపోయింది, ఆపరేషన్ కుట్లు కూడా విప్పేశారు, ఇక ఇప్పుడు నొప్పేమిటని అందరూ అనుకునే సమయానికే ఇది వస్తుంది.

మన ప్రాంతంలో వెన్నుపాము దెబ్బలకు ముఖ్య కారణాలు రెండు. ఒకటి రోడ్డు ప్రమాదాలు. రెండోది ఎత్తు నుంచి పడటం. తాటిచెట్టు, కొబ్బరిచెట్టు, కడుతున్న ఇంటి మిద్దె, గట్టులేని బావి. మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడిన గీత కార్మికులలో ప్రాణం దక్కినా నడుము విరిగినవారు ఎందరో ఉన్నారు. వారి కోసం 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరుతో రక్షణ కవచాలు ఇవ్వడం మొదలుపెట్టింది. మోకు కట్టే ప్రతివారూ వాటిని వాడితే ఇలాంటి వ్యాసాలు రాసే అవసరం కొంత తగ్గుతుంది.

తెగిన తీగ చివర నిప్పురవ్వలు

వెన్నుపాము అంటే మెదడుకూ శరీరానికీ మధ్య ఉన్న కరెంటు లైను వంటిది. గాలివానకు ఊరి లైను తెగిపోయిందనుకోండి. ఇంట్లో బల్బు వెలగదు, ఫ్యాను తిరగదు. కానీ తెగిన తీగ చివర నిప్పురవ్వలు రాలుతూనే ఉంటాయి. వెన్నుపాములో దెబ్బతిన్న చోట నరాల కణాలు కూడా ఇలాగే ప్రవర్తిస్తాయి. కింది నుంచి ఏ కబురూ రాకపోయినా, వాటంతట అవే పైకి కబుర్లు పంపుతుంటాయి. మెదడులో కాళ్ల కోసం కేటాయించిన చోటు ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది. అక్కడికి చేరిన ప్రతి తప్పుడు కబురునూ మెదడు 'కాలు మండుతోంది' అనే చదువుకుంటుంది.

ఇంకొకటి కూడా జరుగుతుంది. మామూలుగా మెదడు నొప్పి కబుర్లను అదుపు చేయడానికి కిందికి కొన్ని సంకేతాలు పంపుతుంది. పనిలో మునిగిపోయినప్పుడు వేలు తెగినా వెంటనే తెలియకపోవడానికి ఇదొక కారణం. వెన్నుపాము దెబ్బతింటే ఆ అదుపు కూడా సడలిపోతుంది. బ్రేకులు పోయిన బండి అన్నమాట. కాబట్టి తప్పు కాలిలో లేదు, లైనులో ఉంది. ఈ సంగతి అర్థమైతే తర్వాత చెప్పబోయే జాగ్రత్తలన్నీ తేలికగా బోధపడతాయి.

మీ నొప్పిని మీ మాటల్లోనే చెప్పండి

డాక్టరు దగ్గర చాలామంది "నొప్పి సార్" అని ఊరుకుంటారు. ఎలాంటి నొప్పో చెబితేనే వైద్యం సరిగా సాగుతుంది. మన భాషలో దీనికి మాటల కొరత లేదు. కారం పూసినట్టు మంట, జివ్వున లాగడం, కరెంటు షాకు కొట్టినట్టు ఉండటం, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, తిమ్మిరి, సలుపు, పోటు, మంచు నీళ్లలో పెట్టినట్టు చలి. ఇలాంటి మాటలు వినగానే ఇది నరాల నొప్పి కావచ్చునని డాక్టరుకు అనుమానం వస్తుంది. భుజంలో ఎత్తినప్పుడు పట్టేసినట్టు, ఒత్తితే నొప్పి, విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది అంటే అది కండరాలది, కీళ్లది. రోజంతా చేతులతో వీల్‌ఛైర్ తోసుకునేవారికి, మంచం మీది నుంచి కుర్చీలోకి చేతుల బలంతో మారేవారికి భుజాల నొప్పి ఎక్కువ. దానికి వైద్యం వేరు. మారే పద్ధతి సరిచేయాలి, కుర్చీ చక్రాలు తోసే తీరు మార్చాలి, భుజం కండరాలకు వ్యాయామం కావాలి. నరాల మాత్రలతో అది తగ్గదు.

నొప్పి ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. దెబ్బ తగిలిన మట్టంలో, పొట్ట చుట్టూనో ఛాతీ చుట్టూనో బెల్టు బిగించినట్టు ఉండేది ఒక రకం. ఆ భాగంలో చొక్కా గుడ్డ తగిలినా కొందరు ఓర్చుకోలేరు. దెబ్బకు బాగా కింద, స్పర్శ లేని కాళ్లలో, పిరుదుల్లో, మలద్వారం దగ్గర వచ్చే మంట మరొక రకం. ఇద్దరు మనుషుల నొప్పి ఒకేలా ఉండదు. పక్క మంచం ఆయనకు పనిచేసిన మందు మీకు పనిచేయకపోవచ్చు.

ఎంత నొప్పి అని అడిగితే మేము సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమంటాము. కొందరు పెద్దవాళ్లకు అది తోచదు. "రూపాయికి ఎన్ని అణాలు ఉందమ్మా?" అంటే వెంటనే "పన్నెండణాలు" అంటారు. అదీ మంచి లెక్కే. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ నొప్పి పూర్తిగా మాయమయ్యేది కొద్దిమందికే. మందులతో, జాగ్రత్తలతో రూపాయికి ఐదారణాలు తగ్గినా వైద్యులు దానిని మంచి ఫలితంగానే లెక్కిస్తారు. ఎనిమిదణాలు తగ్గితే చాలా మంచి ఫలితం. సున్నా కావాలని పట్టుబట్టి ఊరూరా తిరిగేవారు డబ్బూ పోగొట్టుకుంటారు, ఉన్న మేలునూ గుర్తించలేరు.

కాపడం వద్దు

ఇది ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. నొప్పి అంటే మన ఇళ్లలో మొదట చేసే పని కాపడం. ఇటుక వేడి చేసి గుడ్డలో చుట్టి పెడతారు, ఇసుక మూట వేయించి పెడతారు, వేడినీళ్ల బ్యాగు పెడతారు. మామూలు మనిషికి కాలితే వెంటనే కాలు లాక్కుంటాడు. స్పర్శ లేనివారికి ఆ సంగతి తెలియదు. చర్మం ఉడికిపోతున్నా తెలియదు.

తాటిచెట్టు మీది నుంచి పడి నడుము దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న ఒక యువకుడిని కొన్నేళ్ల క్రితం మేము చూశాము. పిక్కల్లో మంటలని రాత్రంతా మూలిగేవాడు. చూసి ఉండలేక తల్లి ఇటుక కాపడం పెట్టింది. తెల్లారి చూసేసరికి పిక్క మీద అరచేయంత బొబ్బ. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. పుండు ఉన్నన్నాళ్లూ మంటలు ఇంకా పెరిగాయి. "నేను మంచికే పెట్టిన సిస్టరమ్మా, వానికి తెల్వకపాయె" అని ఆ తల్లి ఏడ్చింది. ఆమె తప్పేమీ లేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఎవరూ ఆమెకు ఈ మాట చెప్పలేదు.

కుష్ఠు వ్యాధి వల్ల స్పర్శ పోయిన పాదాలను మిషన్ ఆసుపత్రులు ఎన్నో దశాబ్దాలుగా చూస్తున్నాయి. నొప్పి తెలియని పాదం పొయ్యి దగ్గర కాలినా, మేకు గుచ్చుకున్నా మనిషి నడుస్తూనే ఉంటాడు. వెన్నుపాము దెబ్బతిన్నవారి పరిస్థితి ఇంకా చిత్రమైనది. కాపాడవలసిన నొప్పి లేదు, అక్కరలేని నొప్పి ఉంది. మంట ఉంది కదా, కాలితే తెలుస్తుందిలే అనుకోవద్దు. తెలియదు. వేడినీళ్ల స్నానానికి ముందు నీళ్లను స్పర్శ ఉన్న చేతితో చూడాలి. వేడి టీ గ్లాసు, వేడి అన్నం గిన్నె తొడల మీద పెట్టుకోకూడదు. ఎండలో నిలిచిన మోటారుసైకిలు సీటు మీద, సిమెంటు గచ్చు మీద కూర్చోకూడదు. ఘాటైన బాములు, కారపు తైలాలు, ఆకు పసర్ల కట్లు, వాతలు ఏవీ స్పర్శ లేని చోట వద్దు. ఐసు గడ్డలు కూడా వద్దు.

మంట పెరిగితే కింద ఏదో జరుగుతున్నట్టే

రోజూ ఉండే నొప్పి ఒక్కసారిగా రెట్టింపు అయితే, మందు మోతాదు పెంచమని అడిగే ముందు శరీరం అంతా ఒకసారి వెతకాలి. స్పర్శ లేని భాగంలో ఏదైనా ఇబ్బంది కలిగితే అది సూటిగా తెలియదు. పాత మంట పెరగడం ద్వారానో, కాళ్లు బిగుసుకుని ఎగిరిపడటం ద్వారానో తెలుస్తుంది.

మా అనుభవంలో ఎక్కువసార్లు దొరికే దొంగ మూత్రంలో ఇన్‌ఫెక్షన్. మూత్రం మడ్డిగా ఉండటం, దుర్వాసన, చలితో జ్వరం ఉన్నాయేమో చూడండి. పైపు మెలిక పడిందా, మూత్రసంచి నిండిపోయిందా చూడండి. పైపు వేసి తీసే పద్ధతిలో ఉన్నవారు డాక్టరు చెప్పిన వేళ తప్పకూడదు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి తీయాలి. ప్రయాణమనో, పెళ్లనో నీళ్లు తాగడం మానేసి, పైపు వేయడం మానేసి, ఆ మర్నాడు మంటలతో వచ్చేవారు ప్రతి పెళ్లిళ్ల సీజనులోనూ ఉంటారు.

రెండోది మలబద్ధకం. మూడోది పడక పుండు. ప్రతి రాత్రీ అద్దం పెట్టుకునో, ఇంట్లోవారిని చూడమనో పిరుదులు, తోక ఎముక, మడమలు, చీలమండలు పరీక్షించుకోవాలి. చర్మం ఎర్రబడి లేదా నల్లబడి, అరగంట గడిచినా ఆ రంగు పోకపోతే ఆ చోట మళ్లీ బరువు పడనీయకూడదు. లోపలికి పెరిగిన కాలిగోరు, బిగుతు చెప్పు, ప్యాంటు వెనుక జేబులో మరచిపోయిన తాళంచెవి కూడా మంటను పెంచగలవు. చలికాలంలో, నిద్ర లేనప్పుడు, మనసు బాగాలేనప్పుడు ఎక్కువ అవుతుందని చాలామంది చెబుతారు. బీడీ, సిగరెట్టు తాగినప్పుడు మంట పెరుగుతుందని గమనించినవారూ ఉన్నారు. అవి పుండ్లను మాననీయవు కూడా, కాబట్టి మానేయడమే మేలు.

మందుల సంగతి

మెడికల్ షాపులో దొరికే మామూలు నొప్పి మాత్రలు ఈ నొప్పిని తగ్గించవు. డైక్లోఫెనాక్ వంటివి నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. వెన్నుపాము దెబ్బతిన్నవారికి మూత్రపిండాలను కాపాడుకోవడమే పెద్ద పని, వాటిని మాత్రలతో పాడుచేసుకోవడం ఎంత అన్యాయం! బలానికని ఎక్కించే సెలైన్లు, వారం వారం చేసే బి విటమిను ఇంజెక్షన్లు కూడా ఈ మంటను తగ్గించవు. విటమిను లోపం ఉందని రక్తపరీక్షలో తేలితే అది వేరే సంగతి.

పనిచేసే మందులు ముఖ్యంగా నరాల అలజడిని తగ్గించేవి. గాబాపెంటిన్, ప్రిగాబలిన్ మొదట మూర్ఛ కోసం వచ్చిన మందులు. అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ దిగులు జబ్బుకు వాడే మందులు. చీటీ చూసి "నాకు ఫిట్స్ లేవు, పిచ్చి లేదు, ఈ మందులెందుకు?" అని అడిగేవారున్నారు. ఒకే మందుకు రెండు మూడు పనులు ఉంటాయి. మీకు ఇచ్చింది నరాల నొప్పి కోసమే.

వీటిని తక్కువ మోతాదుతో, సాధారణంగా రాత్రిపూట మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మేలు తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మూడు రోజులు వేసుకుని, మగతగా ఉందని, తగ్గలేదని పారేయకండి. ఒకటి పనిచేయకపోతే మరొకటి చూస్తారు. కొన్నిసార్లు రెండు కలిపి ఇస్తారు. అమిట్రిప్టిలిన్ వల్ల నోరు ఎండిపోతుంది, మలబద్ధకం, మూత్రం బిగబట్టడం ఎక్కువ కావచ్చు. గుండె జబ్బు, కంటిలో నీటి కాసుల జబ్బు, ప్రోస్టేటు వాపు ఉంటే ముందే చెప్పాలి. గాబాపెంటిన్, ప్రిగాబలిన్ వల్ల మగత, తల తిరగడం, పాదాల వాపు రావచ్చు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి మోతాదు తగ్గించాలి. ఇవి వేసుకుని కల్లు గాని, సారా గాని తాగితే మగత మితిమీరి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

ఒక్కసారిగా మానేయడం అన్నిటికన్నా చెడ్డది. కాళ్ల బిగుతుకు ఇచ్చే బాక్లోఫెన్ విషయంలో ఇది మరీ ప్రమాదం. ఒక్కరోజులో ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. ఊరికి పోయేటప్పుడు మాత్రలు నాలుగు రోజులకు ఎక్కువే పట్టుకెళ్లండి.

ట్రమడాల్ వంటి ఘాటు మందులు కొందరికి కొద్దికాలం అవసరమవుతాయి. అలవాటు పడే గుణం ఉన్నందున 2018లో దీనిని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ వాడుతున్నవారు డాక్టరుకు చెప్పకుండా దానిని తోడు చేసుకోకూడదు.

ఇక మూలకణాల ఇంజెక్షను గురించి మమ్మల్ని నెలకు ఒకరైనా అడుగుతారు. లక్షలు కడితే కాళ్లు వస్తాయని, మంటలు పోతాయని ఎవరో చెప్పి ఉంటారు. మూలకణ పరిశోధనపై 2017లో వెలువడిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము దెబ్బకు అది నిరూపితమైన వైద్యం కాదు, పరిశోధనలో భాగంగా తప్ప ఇవ్వకూడదు. పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోరు. అర ఎకరం అమ్మి కట్టేవారిని చూసి మా మనసు కలత చెందుతుంది. ఆ డబ్బుతో మంచి కుర్చీ, మంచి మెత్త, ఇంటి గుమ్మానికి వాలు మెట్టు, వీల్‌ఛైర్ పట్టే మరుగుదొడ్డి వస్తాయి.

రోజు ఎలా గడపాలి

ఈ మంట పగటికన్నా రాత్రి ఎక్కువని దాదాపు అందరూ చెబుతారు. పగలు చేతికి పని, చెవికి మాట ఉంటాయి. రాత్రి నొప్పి ఒక్కటే తోడు. అందుకే పగలంతా మంచం మీద పైకప్పు చూస్తూ పడుకోవడం వల్ల నొప్పి పెరుగుతుందే గాని తగ్గదు. కుర్చీలో కూర్చోవాలి. కూర్చున్నప్పుడు ప్రతి పావుగంటకో అరగంటకో ముందుకు వంగి, పక్కలకు ఒరిగి బరువు మార్చాలి. మంచం మీద రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. కాళ్ల కీళ్లను రోజూ మెల్లగా కదిలించాలి. గుడ్డ తగిలితే ఓర్చుకోలేని చోట మొదట దూది, తర్వాత మెత్తటి నూలుగుడ్డ, ఆ తర్వాత తువ్వాలు రోజూ కొద్దిసేపు రాస్తూ పోతే కొందరికి ఆ చురుకు తగ్గుతుంది. ఓపిక ఉన్న పూట మూడు రోజుల పని చేసి, తర్వాత మూడు రోజులు లేవలేకపోవడం కూడా మంచిది కాదు. ఏ పనికి ఎంతసేపన్నది గడియారం చూసి ఆపుకోవాలి, నొప్పి చూసి కాదు.

చిత్తూరు, నెల్లూరు, అనంతపురం వైపు వారికి వేలూరు ఆసుపత్రి కొత్త కాదు. అక్కడి డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోయాయి. ఆమె వీల్‌ఛైర్‌లో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. అమెరికా వెళ్లి పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చారు. 1966లో వేలూరులో మొదలైన పునరావాస కేంద్రం ఆమె నడిపించినదే. అందరూ ఆమెలా డాక్టర్లు కాలేరు. కానీ కిరాణా కొట్టు లెక్క చూడటం, కుట్టు మిషను మోటారుతో నడపడం, సెల్‌ఫోన్లు బాగుచేయడం, పిల్లలకు ఎక్కాలు చెప్పడం మా దగ్గరికి వచ్చేవారు చేస్తున్న పనులే. మంట ఉండగానే చేస్తున్నారు. పని ఉన్న గంటల్లో మంట అంతగా గుర్తుకు రాదని వారే చెబుతారు.

ఇంట్లోవారికి ఒక మనవి. "మళ్లీ మొదలుపెట్టావా?" అనకండి. "ఈ రోజు ఎన్ని అణాలు?" అని అడగండి చాలు. అలాగని గంటకోసారి నొప్పి గురించే అడగడమూ మంచిది కాదు. నిద్ర లేక, తిండి సహించక, బతికి ఏం లాభమనే మాటలు వినబడితే తేలికగా తీసుకోకండి. మమ్మల్ని సంప్రదించండి. 14416 అనే ప్రభుత్వ టెలీ మానస్ నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆలస్యం చేయకూడనివి

మెడ గాని, ఛాతీ పైభాగం గాని దెబ్బతిన్నవారికి ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు వస్తే అది రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతున్న గుర్తు. పడుకోబెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రం పైపు మెలిక తీయండి లేదా మూత్రం తీయండి. వెంటనే 108కి ఫోను చేయండి. ఒక కాలు మాత్రమే వాచి వెచ్చగా ఉంటే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. ఆ కాలిని మర్దన చేయవద్దు. ఏళ్ల తర్వాత కొత్త నొప్పి ఇదివరకు బాగున్న పై భాగానికి ఎక్కుతుంటే, దగ్గినప్పుడు పెరుగుతుంటే, చేతిపట్టు తగ్గుతుంటే వెన్నుపాములో నీటితిత్తి పెరుగుతుండవచ్చు. దానికి స్కానింగు అవసరం.

తదుపరి పరీక్షకు వచ్చేటప్పుడు ఒక చిన్న నోటు పుస్తకం తెచ్చుకోండి. రోజూ పడుకునే ముందు నాలుగే సంగతులు రాయండి. నొప్పి ఎన్ని అణాలు, ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎన్ని గంటలు కుర్చీలో కూర్చున్నారు, విరేచనం అయిందా లేదా. చదువు రానివారికి ఇంట్లో పిల్లలు రాసిపెడతారు. దాంతోపాటు పాత చీటీలు, ఖాళీ అయిన మాత్రల అట్టలు, బయట ఎక్కడైనా వాడిన పసరు మందులు ఉంటే అవి కూడా ఒక సంచిలో వేసుకుని రండి.